మామా, ముందు సందు ఎంతుందో చూడు

కర్నూలు,
ఆదివారం రాత్రి

మామా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు అంగట్లో ఇద్దరు బ్యాటరీలు మోసుకొచ్చి నిలబడి ఉన్నారు. సరిగ్గా మాట్లాడలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం. లిథియం సెల్స్ చేసే చోట, అదీ డిజైన్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని చెప్తే అమ్మ భలే సంబరపడింది. చిన్నప్పుడు నువ్వు టార్చిలైటు సెల్స్ రాయితో పగలగొట్టి ఆ నల్లపొడి చొక్కాకి పూసుకుని ఇంటికి పోయేవాడివని గుర్తు చేసింది.

"నేను మెకానికల్ వాణ్ణి, నాకు కెమిస్ట్రీ రాదు, సెల్ డిజైన్‌లో నేనేం చేస్తాను?" అన్నావు చూడు, ఆ మాట రెండు రోజులుగా నా తలలో తిరుగుతోంది. ఆరేళ్ళు గుజరాత్‌లో ఒక కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ సెల్ హౌస్‌లో పనిచేశాను. నాన్నకు బాగాలేక తిరిగొచ్చి రెండేళ్ళుగా ఈ బ్యాటరీ అంగడి చూసుకుంటున్నాను. రెండు చోట్లా నేను చూసింది ఒకటే. సెల్ ఎన్ని వోల్టులు ఇవ్వాలో కెమిస్ట్రీ తేల్చేస్తుంది. అది ఎన్నేళ్ళు బతుకుతుంది, ఎంత కరెంటు తింటుంది, ఎప్పుడు ఎవరి మీదికి తెస్తుంది అనేవి మాత్రం మందం, దూరం, వేడి, ఒత్తిడి తేలుస్తాయి. అవన్నీ నీ సబ్జెక్టే కదా.

నాన్న అంగడి నుంచే మొదలుపెడతాను. కారు బ్యాటరీ, ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ రెండింట్లో ఉండేది అదే సీసం, అదే ఆమ్లం. 1859లో ప్లాంటే చేసిన సెల్‌లోనూ అవే. అయినా ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. కారు ఇంజను స్టార్ట్ కావాలంటే నాలుగైదు క్షణాలు విపరీతమైన కరెంటు కావాలి. కాబట్టి పలచటి ప్లేట్లు ఎక్కువ పెడతారు, ఆమ్లం తగిలే వైశాల్యం పెరుగుతుంది. ఇన్వర్టర్‌కు గంటల తరబడి మెల్లగా ఇచ్చి, బాగా అడుగంటి, మళ్ళీ నిండాలి. పలచటి ప్లేటు ఆ పనికి పెడితే దానికి పట్టించిన సీసం ముద్ద, మేము మందు అంటాం, అది రాలిపోతుంది. అందుకని ట్యూబులర్ బ్యాటరీలో పాజిటివ్ మందును సన్నటి గొట్టాల్లో కూరి, రాలిపోకుండా పట్టి ఉంచుతారు. గిరాకీ వచ్చి పాత కారు బ్యాటరీ ఇన్వర్టర్‌కు పెట్టుకుంటానంటే నాన్న ఇప్పటికీ కోపంగా "వద్దప్పా, ఏడాది కూడా నిలవదు, నీ దుడ్లు నా దగ్గర వృథా చేయొద్దు" అని పంపిస్తాడు.

పాత బ్యాటరీ కోసినప్పుడు అడుగున బురద కనిపిస్తుంది, గుర్తుందా? ప్లేట్ల నుంచి రాలిన మందు అది. ఆ బురద కోసమే అడుగున గట్లు కట్టి, ప్లేట్లను పైకి ఎత్తి కూర్చోబెట్టి, కింద ఖాళీ వదిలారు. ఖాళీ లేకపోతే బురద ఎదిగి రెండు ప్లేట్లను తాకి సెల్ షార్ట్ అవుతుంది. ఈ వస్తువు ఎట్లా ముసలిదవుతుందో ముందే ఊహించి దానికి జాగా ఉంచిన మనిషి ఎవరో గానీ, బ్యాటరీ కోసిన ప్రతిసారీ నాకు ఆయన మీద గౌరవం కలుగుతుంది. నువ్వు గీసే సెల్‌కు కూడా మొదటి రోజు కొలతలతో పాటు పదేళ్ళ తర్వాతి కొలతలు ఆలోచించు.

ఇప్పుడు సెల్ హౌస్ సంగతి. అక్కడ సెల్ వస్తువును తయారుచేస్తుంది. ఉప్పునీళ్ళు ఒకవైపు పోతాయి, కరెంటు పారుతుంది, ఒకవైపు క్లోరిన్, ఇంకోవైపు హైడ్రోజన్, 32 శాతం కాస్టిక్ బయటికి వస్తాయి. ఒక్కో ఎలక్ట్రోడ్, అంటే కరెంటు దిగే పలక, మన ఇంటి తలుపు కంటే పెద్దది. అట్లాంటివి వరసగా పేర్చి, వేల ఆంపియర్లు పంపిస్తారు. ఒక్కో సెల్‌కు సుమారు 3 వోల్టులు. సిద్ధాంతం ప్రకారం 2.2 వోల్టులు చాలు. మిగిలిందంతా అడ్డంకులకు కట్టే సుంకం. రెండు వైపులనూ వేరుచేసే పలచటి పొరకు కొంత, ఉప్పునీళ్ళకు కొంత, బుడగలకు కొంత, ఎలక్ట్రోడ్ పైపూతకు కొంత.

ఒక టన్ను కాస్టిక్‌కు దాదాపు 2,200 యూనిట్లు కరెంటు కావాలి. సెల్‌లో 0.1 వోల్టు తగ్గించగలిగితే టన్నుకు 70 యూనిట్ల దాకా మిగులుతుంది. రోజుకు 100 టన్నులు చేసే చోట అది రోజుకు 7,000 యూనిట్లు. ఆ 0.1 వోల్టు కోసమే ఆనోడు (క్లోరిన్ వచ్చే వైపు ఎలక్ట్రోడ్), కాథోడు (హైడ్రోజన్ వచ్చే వైపుది) మధ్య సందును తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి పూర్తిగా మూసేశారు. నికెల్ తీగతో అల్లిన పరుపు లాంటిది వెనక పెట్టి, కాథోడును పొరకు మెత్తగా ఒత్తుతారు. మరి గ్యాస్ ఎటు పోవాలి? అందుకే ఎలక్ట్రోడ్లు జాలీలాగా ఉంటాయి, బుడగ వెనక వైపుకు తప్పుకుంటుంది. పూర్వం ఆనోడు గ్రాఫైట్‌తో ఉండేది. అది అరిగేకొద్దీ సందు పెరిగేది, మనుషులు మళ్ళీ మళ్ళీ సరిచేసేవాళ్ళు. 1960లలో హెన్రీ బీర్ అనే ఆయన టైటానియం మీద రుథేనియం ఆక్సైడ్ పూత వేశాక ఆ బాధ పోయింది. అరగని ఆనోడు దొరికింది కాబట్టే ఇంత దగ్గరగా పెట్టే ధైర్యం వచ్చింది.

ఇంకో సంగతి నీకు చెప్పాలి, చెప్పుకోవడం కష్టంగా ఉన్నా సరే. ఉప్పునీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం కలిపి 20 పీపీబీ దాటకూడదు, అంటే వంద కోట్ల భాగాల్లో 20. వాటిని రెజిన్ పూసలు నింపిన గొట్టాలు, కాలమ్‌లు అంటారు, అవి పట్టుకుంటాయి. ఒక రాత్రి షిఫ్టులో కాలమ్ మార్చాల్సిన వేళ మార్చలేదు. ఆ షిఫ్టులో నేనూ ఉన్నాను, రీడింగ్ ఒకసారి తేడాగా వస్తే పరికరం తప్పేమో అనుకున్నాను. కొన్ని రోజులకు సెల్ వోల్టేజి మెల్లగా పైకి ఎక్కింది. విప్పి చూస్తే పొర మీద తెల్లటి మచ్చలు. కాల్షియం పొర లోపలికి దిగి గట్టిపడిపోయింది. కడిగినా పూర్తిగా పోలేదు. ఖరీదైన పొరలు కొన్ని అనుకున్నదానికంటే చాలా ముందే మార్చాల్సి వచ్చింది. ఆ తెల్లమచ్చ నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. సెల్ అంటే ఆ పెట్టె ఒక్కటే అనుకోవద్దు మామా. దానికి ముందు వచ్చే నీళ్ళు, వాటిని చూసే మనిషి, ఆ మనిషి నమ్మే మీటరు కూడా సెల్‌లో భాగమే. మన అంగట్లో బోరు నీళ్ళు పోసి చంపిన బ్యాటరీలు నెలకు ఎన్ని వస్తాయో నీకు తెలుసు కదా, అదే కథ.

సరే, నీ లిథియం దగ్గరికి వస్తాను. 1991లో సోనీ మొదట అమ్మకానికి తెచ్చినప్పటి నుంచి లోపల పెద్దగా మారని సంగతి ఒకటుంది. రెండు పూత పూసిన రేకులు, మధ్యలో చాలా పలచటి పొర, మొత్తం చాపలాగా చుట్టడం, లేదా మడతలుగా పేర్చడం. పూత మందంగా పూస్తే ఒకే పెట్టెలో ఎక్కువ ఎనర్జీ పడుతుంది, రేకు ఖర్చు తగ్గుతుంది. అందుకని మందం పెంచమని అందరూ నీ మీద పడతారు. అప్పుడు మన కేసీ కాలువను గుర్తు చేసుకో. సుంకేసులలో వదిలిన నీళ్ళు కడప దాకా పోవాలి. పైవాళ్ళు తూములు పూర్తిగా ఎత్తేస్తే చివరి ఆయకట్టుకు ఏం అందుతుంది? మీ పెద్దమామ చేను ఎన్నిసార్లు ఎండిందో నువ్వే చెప్పేవాడివి. మందపాటి పూతలో లిథియం అయాన్లది ఇదే గతి. తొందరగా ఛార్జ్ చేస్తే నెగెటివ్ రేకు మీది పూతలో పొరకు దగ్గరున్న గ్రాఫైట్ నిండిపోతుంది, లోపలిది ఖాళీగానే ఉంటుంది. దగ్గరున్నది ఇంక పట్టలేక లిథియం పైపైనే లోహంగా పేరుకుంటుంది. అది ముల్లులా ఎదిగి పొరను పొడిచే ప్రమాదం ఉంది. అందుకే నెగెటివ్ రేకును పాజిటివ్ కంటే కాస్త వెడల్పుగా కోస్తారు, అంచుల్లో లిథియంకు చోటు దొరకాలని. యంత్రం రేకును పక్కకు జరిపితే ఆ అంచు పోతుంది. రేకు కోసే కత్తి మొద్దుబారితే అంచుకు సన్నటి ముల్లు మిగులుతుంది, అదీ ప్రమాదమే. ఇవన్నీ కత్తులు, రోలర్లు, బిగింపులు చూసేవాడి పనులు. ఇంకా నీకు పని లేదంటావా?

వేడి గురించి కాస్త గట్టిగానే చెప్తాను. చుట్టిన సెల్‌లో వేడి రేకు పొడవునా బాగా పారుతుంది, పొరలను దాటి అడ్డంగా మాత్రం సరిగ్గా పారదు. కాబట్టి చల్లదనం ఏ ముఖానికి తగిలించాలో ముందే నిర్ణయించుకోవాలి. 2022 వేసవిలో స్కూటర్లు కాలిన వార్తలు చూసి మన ఊర్లో ఎంత భయపడ్డారో నాకు తెలుసు. ఇప్పటికీ మే నెలలో ఉబ్బిన ప్యాక్‌లు తెచ్చి "కాస్త విప్పి చూడన్నా" అంటారు. విప్పను. దూరంగా ఇసుక బస్తాల పక్కన పెట్టి, కంపెనీకి పంపమని చెప్తాను. డేటాషీట్‌లో ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర రాసి ఉంటుంది. మన కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 42 దాటుతుంది, రేకుల షెడ్డు కింద పెట్టిన బండి సంగతి చెప్పనక్కర్లేదు. సీసం బ్యాటరీకైతే పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. అందుకే మన వేడి ప్రాంతాలకు ఆమ్లాన్ని కాస్త పలచగా, 1.24 గ్రావిటీ దగ్గర, అంటే నీళ్ళకు 1.24 రెట్లు బరువుండేలా నింపుతారు. లిథియం సెల్‌ను కూడా మన ఎండను తలుచుకుని గీయాలి, ఆ మాట లోపల కూర్చుని అడిగేవాడు ఒకడు ఉండాలి. ఆ ఒక్కడివి నువ్వు కావాలని నా ఆశ.

మొన్న గడివేముల వైపు పోయినప్పుడు గని, శకునాల దగ్గర ఆ సోలార్ పలకలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. 1,000 మెగావాట్లు. మధ్యాహ్నం అంత కరెంటు పుడుతుంది, మన ఊర్లలో దీపాలు వెలిగించేది రాత్రి. పిన్నాపురంలో నీళ్ళను పైకి తోడి దాచుకునే ప్రాజెక్టు ఒకటి ఉంది. దానికి కొండ కావాలి, నీళ్ళు కావాలి. కొండ లేని పల్లెకు నువ్వు చేసే పెట్టెలే పోవాలి.

చేరే ముందు ఒకసారి ఇంటికి రా. నీకోసం ఒక ట్యూబులర్ ప్లేటు నిలువుగా కోసి, కడిగి, ఆరబెట్టి నాన్న బల్ల సొరుగులో పెట్టాను. గొట్టాల మధ్య సందు ఎంతుందో నీ వెర్నియర్‌తో కొలిచి చూద్దువు. అమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేస్తానంది. చేరాక మొదటి వారంలోనే మూడు సంగతులు రాయి. పూత మందం ఎంత పెడుతున్నారు, అంచు ఎంత వదులుతున్నారు, టెస్టింగ్ ఎన్ని డిగ్రీల దగ్గర చేస్తున్నారు. 45 దగ్గర చేయట్లేదంటే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి.

నీ,
మామ