చెట్టు మీద పడకకు చప్పట్లా?

సంపాదకులకు,

అయ్యా,

కరోనా వచ్చిన కుర్రాడు ఇంట్లో వేరే గది లేక 11 రోజులు చెట్టు మీద గడిపాడన్న వార్త గత నెలలో (2021 మేలో) అందరితో పాటు మీరూ వేశారు. అదీ మన నల్లగొండ జిల్లాలోనే. దాని శీర్షికలో 'ఆదర్శం' అన్న మాట చూసినప్పటి నుంచి ఒక ముక్క రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఇంతలో మొన్న ఆదివారం మీ సంపాదకీయం వచ్చింది. జనం నిర్లక్ష్యం వల్లే రెండో వేవ్ ఇంత ముదిరిందట! చెట్టెక్కినవాడు ఆదర్శమైతే, ఎక్కనివాళ్లంతా నిర్లక్ష్యపరులన్నమాట.

నేను ఏఎన్ఎంగా (ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సుగా) చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైనదాన్ని. నియమాలు తెలియనివాళ్లు ఏ తండాలోనూ లేరండి. పోయినేడాది ఎవరికి ఫోన్ చేసినా రింగు కంటే ముందు దగ్గు వినిపించి మరీ పాఠం చెప్పారు కదా. తెలియక కాదు, కుదరక. రోగికి గాలి వెలుతురు ఉన్న ప్రత్యేక గది, చూసుకోవడానికి రోజంతా ఒక మనిషి, కనీసం 10 రోజులు బయటికి రాకుండా ఉండటం, ఇదీ 2021 నియమాల ప్రకారం హోం ఐసోలేషన్. ఈ నియమాలు రాసినవాళ్ల ఇళ్లు ఎంతెంత ఉంటాయో నేను చూడలేదు గానీ ఊహించగలను.

మా వీధి వెనక వాటాల ఇళ్లున్నాయి. వాటా అంటే ఒక గది, అందులోనే ఓ మూల వంట. వాటాలన్నిటికీ కలిపి బాత్రూం ఒకటే. అక్కడ ఉండే మిల్లు హమాలీకి జ్వరం వస్తే అతని భార్య అతన్ని లోపల పడుకోబెట్టి, తను అత్తనూ పిల్లల్నీ పెట్టుకుని వరండాలో పడుకుంది. రాత్రి వాన పడితే అందరూ మళ్లీ ఆ గదిలోకే. ఇంటింటి జ్వర సర్వేకి ఆశా వర్కర్ వచ్చి అడిగితే 'మాకేం లేదమ్మా' అన్నారు. అబద్ధమే, కాదనను. ఓనరుకు తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటాడు, ముఠా మేస్త్రీకి తెలిస్తే పనిలోకి రానివ్వడు. నర్సులనే అద్దె ఇళ్లలోంచి పొమ్మన్న జనం, హమాలీని ఉండనిస్తారా?

ఈ ఏడాది (2021) ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. ఈ కరోనా కాలంలో మాస్కు లేకుంటే జరిమానా 1,000. నాలుగు రోజుల రెక్కల కష్టం ఒక్క రసీదుకు పోతుంది. 2020 లాక్‌డౌన్‌లో మనిషికి 12 కిలోల బియ్యం, రేషన్ కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చారు. ఈసారి ప్రైవేటు టీచర్లకు 2,000 ఇచ్చారు, సంతోషం. కూలివాళ్లకు ఆ 1,500 ఊసే లేదు. పైగా గత నెల 12 నుంచి లాక్‌డౌన్‌లో పొద్దున 6 నుంచి 10 వరకే సడలింపు పెట్టి, ఊరంతా ఒకేసారి బజారుకొస్తే 'బుద్ధి రాని జనం' అని మీరు ఫొటో వేశారు. ఫ్రిజ్ నిండా సరుకులున్నవాళ్లు ఆ ఫొటోలో ఉండరండి. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి, కాంటా ఎప్పుడవుతుందో తెలియక, మబ్బు పట్టినప్పుడల్లా వాటి మీద టార్పాలిన్ కప్పుతున్న రైతుకు 'ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి' అని చెప్పి చూడండి.

నిర్లక్ష్యం గురించే మాట్లాడదామంటే మాట్లాడదాం. 2021 ఏప్రిల్ 17న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక జరిగింది. అంతకుముందు అన్ని పార్టీలవాళ్లూ ఇదే జిల్లా జనాన్ని బండ్లకెత్తి సభలకు తోలుకుపోయారు. 14న హాలియాలో ముఖ్యమంత్రి కేసీఆర్ గారి సభ. 19న ఆయనకే పాజిటివ్ అని ప్రకటించారు. ఆయన ఫామ్‌హౌస్‌లో ఐసోలేషన్‌లో ఉన్నారు. తప్పు పట్టడం లేదు, ఫామ్‌హౌస్ ఉన్నవాళ్లు ఫామ్‌హౌస్‌లోనే ఉంటారు. అయినా కేసులు అంతలా పెరుగుతుంటే 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్ ఎన్నికలు ఆపారా? అప్పుడు మీ సంపాదకీయంలో ఈ కోపం ఎక్కడా కనిపించలేదే.

మార్చి 24 నుంచి రాష్ట్రంలో బడులు, హాస్టళ్లు మూసేశారు. పక్కా భవనాలు, గదులు, బాత్రూములు, నీళ్ల ట్యాంకులు. ప్రతి ఊళ్లో వాటిలో ఒకటి ఏప్రిల్‌లోనే తెరిచి, రెండు పూటలా అన్నం పెట్టి, ఒక ఏఎన్ఎంను కూర్చోబెడితే ఎవరూ చెట్టెక్కాల్సిన పని లేదు. కలెక్టరేట్‌లో ఈ ఆలోచన ఎవరికీ రాలేదా, వచ్చినా ఫైలు కదల్లేదా? మా రోజుల్లో మలేరియా వర్కర్ ఇల్లు చూసి వెళ్తూ గోడ మీద తేదీ వేసేవాడు, పైవాళ్లు వచ్చి ఆ గోడ చూసేవారు. ఇప్పుడు గేటు దగ్గర నిలబడి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే సర్వే అయిపోయినట్టే. ఆ సర్వే చేసే పిల్లల్నీ అనలేం, ఒక్కొక్కరి నెత్తిన మూడు ఊళ్ల పని వేశారు. ఖాళీ పోస్టులు నింపమని నేను సర్వీసులో ఉన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాం.

మూడో వేవ్ వస్తుందని మీరే రోజూ రాస్తున్నారు. అయితే ఒక పని చేయండి. మన జిల్లాలో ఏ మండలంలో ఏ బడి, ఏ హాస్టల్ ఐసోలేషన్‌కు ఇస్తున్నారో, అందులో మంచాలు ఎన్నో, అన్నం ఎవరు పెడతారో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అధికారులను అడిగి, జవాబు చెప్పేదాకా వదలకుండా జిల్లా పేజీలో వేయండి.

– రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
మిర్యాలగూడ
(పేరు వేయవద్దని మనవి)