1773లో పన్ను పెరగలేదు

సంపాదకులకు,

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద మీ పోటీ పరీక్షల పేజీలో వచ్చిన పాఠం చదివాం. మోయలేని పన్నులు వేశారు, తేయాకు సముద్రంలో పారబోశారు, యుద్ధం మొదలైంది అని తేల్చేశారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ లైబ్రరీల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఈ పేజీలు కత్తిరించి దాచుకుంటారు కాబట్టి రాయక తప్పడం లేదు.

1764లో బ్రిటన్ తన అమెరికా వలస రాజ్యాలకొచ్చే మొలాసిస్ (చెరకు మడ్డి) మీద సుంకాన్ని గ్యాలనుకు 6 పెన్స్ నుంచి 3 పెన్స్‌కు తగ్గించింది. గొడవ అక్కడే మొదలైంది. పాత 6 పెన్స్ కాగితం మీదే ఉండేది. సుంకం అధికారి చేతిలో ఎంతోకొంత పెడితే సరుకు దిగేది. కొత్త 3 పెన్స్ మాత్రం ముక్కుపిండి వసూలు చేశారు, కేసులను జ్యూరీ లేని నౌకా కోర్టులకు పంపారు. 1765 స్టాంపు చట్టం దస్తావేజులు, పత్రికలు, ఆఖరికి పేకముక్కల మీద కూడా పడింది. లాయర్లు, అచ్చు యజమానులు... అంటే నోరూ కలమూ ఉన్నవాళ్ల జేబులోనే చెయ్యి పెట్టారన్నమాట! 1766 మార్చిలో దాన్ని రద్దు చేశారని రాశారు, సరే. వలస రాజ్యాలపై ఏ విషయంలోనైనా చట్టం చేసే హక్కు మాకుందంటూ అదే రోజు ఇంకో చట్టం తెచ్చిన సంగతి వదిలేశారు. అది లేకుండా 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద సుంకాలు ఎందుకొచ్చాయో అర్థం కాదు. బహిష్కరణ దెబ్బకు 1770లో మిగతావి ఎత్తేసి, హక్కు నిలుపుకోవడానికి తేయాకు మీద పౌనుకు 3 పెన్స్ ఉంచారు.

1773 నాటికి ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో దాదాపు 1.7 కోట్ల పౌన్ల తేయాకు మూలుగుతోంది. ఆ ఏడాది తేయాకు చట్టంతో, ఇంగ్లండులో కట్టిన సుంకం వెనక్కిచ్చి, నేరుగా అమెరికాకు పంపుకోనిచ్చారు. దాంతో 3 పెన్స్ కట్టినా ఆ తేయాకు డచ్చి దొంగసరుకు కంటే చవక. కొంటే పన్ను ఒప్పుకున్నట్టే. పైగా కంపెనీ ఎంచుకున్న కొద్దిమందికే అమ్మకం, మిగతా వర్తకుల నోట్లో మట్టి. అందుకే డిసెంబరు 16న బోస్టన్‌లో 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి.

తుపాకులు వెంటనే లేవలేదు. 1774లో బోస్టన్ రేవు మూసేశారు, మసాచుసెట్స్‌లో పట్టణ సభలకు గవర్నర్ అనుమతి తప్పనిసరి చేశారు. ఆ శరదృతువులో ఫిలడెల్ఫియాలో కూర్చున్న కాంటినెంటల్ కాంగ్రెస్ (వలస రాజ్యాల ప్రతినిధుల సభ) ఊరూరా కమిటీలు వేయమంది. బ్రిటిష్ సరుకు ఎవరు కొన్నారో కనిపెట్టడం, పేర్లు పత్రికల్లో వేయించడం వాటి పని. అసలు పెత్తనం క్రమంగా వాటి చేతికొచ్చింది. ఊళ్లలో దాచిన తుపాకిమందు పట్టుకోవడానికి 1775 ఏప్రిల్ 18 రాత్రి సుమారు 700 మంది బ్రిటిష్ సైనికులు కాంకర్డ్‌కు బయల్దేరితే, 19 తెల్లవారుజామున దారిలో లెక్సింగ్టన్ దగ్గర 8 మంది స్థానికులు చనిపోయారు. యుద్ధం అలా అంటుకుంది. స్వాతంత్ర్య ప్రకటనకు ఇంకా 14 నెలలు పైనే పట్టింది.

మన తెలంగాణ సాయుధ పోరాటంలోనూ లెవీ ధాన్యం (నిజాం సర్కారు బలవంతపు ధాన్యం వసూలు) ఒక్కటే తుపాకి పట్టించలేదు. ముందు ఊరూరా సంఘాలు లేచాయి. కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జులై 4న. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన (1776 జులై 4) తేదీతో కలవడం యాదృచ్ఛికమే గానీ, పరీక్షకు గుర్తుంటుంది.

మీ మాదిరి ప్రశ్నల్లో 1773 తేయాకు చట్టంపై ఆగ్రహానికి కారణం 'ధర పెరగడం' అని జవాబిచ్చారు. రేపటి సంచికలోనే సరిచేయండి.

- చరిత్ర ఉపాధ్యాయులు, నల్లగొండ