ఆడుకునే చోటేదీ?

అయ్యా,

మా కోనసీమలో వేసవి సెలవులంటే పిల్లలు కాలువలో ఈదేవారు, నూర్పులయిన కళ్లాల్లో చెడుగుడు ఆడేవారు. అరుగుల మీద అమ్మమ్మలు చింతపిక్కలతో వామనగుంటలకు కూర్చునేవారు. నాట్లు వేసి వచ్చిన కూలీలు రావిచెట్టు కింద గంటసేపు పులిమేక ఆడితే సోమరితనమని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు సెలవుల్లోనూ ట్యూషన్లే. కళ్లాలు ప్లాట్లయ్యాయి. సంక్రాంతికి ఆటంటే పెద్దలకు కోడిపందేల బరి ఒక్కటే గుర్తుకొస్తోంది (అక్కడ చచ్చేవి కోళ్లు, ఖాళీ అయ్యేవి జేబులు!).

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. 1992లో మన దేశమూ దానికి సమ్మతించింది. లేఅవుట్లలో వదిలే ఖాళీ స్థలం ఆటలకే మిగిలేలా పంచాయతీలు చూడాలి. స్టేడియం అడగడం లేదు. చదునైన నేల, రెండు వేపచెట్లు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అమలాపురం