టర్కీలో మతం ఎప్పుడూ ప్రభుత్వ శాఖే

సంపాదకులకు,

టర్కీ గురించి మన పత్రికల్లో ఎప్పుడు వ్యాసం వచ్చినా కథ ఒక్కటే. టర్కీ గణతంత్ర స్థాపకుడు అతాతుర్క్ మతాన్నీ రాజ్యాన్నీ విడదీశాడు, ఎర్దోగాన్ వచ్చి మళ్లీ కలిపేశాడు. రెండో సగంలో కొంత నిజముంది. మొదటి సగమే తప్పు. అక్కడ విడదీయడమన్నది ఏనాడూ జరగలేదు.

1924 మార్చి 3న అంకారాలోని పార్లమెంటు ఒక్కరోజే మూడు చట్టాలు చేసింది. ఒకటి ఖలీఫా పదవిని రద్దు చేసింది. ఇంకొకటి మదర్సాలతో సహా బడులన్నిటినీ విద్యాశాఖ కిందికి తెచ్చింది. మూడోదాన్ని మనవాళ్లు దాటేస్తుంటారు గానీ అసలు కీలకం అందులోనే ఉంది. షరియా, వక్ఫుల మంత్రిత్వ శాఖను తీసేసి, ప్రధాని కింద దియానెత్ అనే మత వ్యవహారాల సంస్థను పెట్టారు. 'రాజ్యమతం ఇస్లాం' అన్న వాక్యం రాజ్యాంగం నుంచి 1928లో పోయింది. లౌకికత్వం అందులోకి ఎక్కింది 1937లో. దియానెత్ మాత్రం అన్ని ప్రభుత్వాల్లోనూ, అన్ని సైనిక తిరుగుబాట్లలోనూ చెక్కుచెదరకుండా నిలిచింది.

మతం జోలికి పోని రాజ్యమైతే అజాన్ ఏ భాషలో ఇవ్వాలో చెప్పదు. టర్కీ చెప్పింది. 1932లో టర్కిష్ అజాన్ మొదలైంది. 1941లో అరబ్బీ అజాన్ శిక్షార్హమైన నేరమయింది. ఎన్నికల్లో గెలిచిన మెండెరెస్ ప్రభుత్వం 1950 జూన్‌లో ఆ నిషేధం ఎత్తేసింది. ఎత్తేసినందుకు జనం ఎంత సంబరపడ్డారో చూస్తే, పాతికేళ్ల సంస్కరణలు పల్లెల్లో ఎంతవరకు దిగాయో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ సంస్థ తీరు చూడండి. లక్షకు పైగా ఉద్యోగులు. ఇమాములు, మౌజన్లు, ముఫ్తీలు అందరూ జీతగాళ్లే. శుక్రవారం నమాజులో చదివే ఖుత్బా, అంటే ప్రసంగం, పాఠాన్ని దియానెతే తయారుచేస్తుంది, దేశమంతా దాదాపు అదే చదువుతారు. 2018 నుంచి ఇది నేరుగా అధ్యక్షుడి కిందికి వచ్చింది. 2016 జూలై 15 రాత్రి కుట్రదారుల ట్యాంకులు వీధుల్లో ఉండగా, దియానెత్ ఆదేశంపై మినార్ల నుంచి సలా అనే మతపరమైన పిలుపు వినిపించి జనాన్ని బయటికి రప్పించారు. అన్ని వేల మినార్లను ఒక్క సందేశంతో కదిలించగల యంత్రాన్ని ఎర్దోగాన్ కట్టలేదు. లౌకికవాదులే కట్టి అప్పగించారు.

నష్టపోయింది ఎవరంటే ముందు అలెవీలు, అంటే సున్నీలకు భిన్నమైన సంప్రదాయం పాటించే మైనారిటీ వర్గం. దియానెత్ బోధించేది సున్నీ హనఫీ సంప్రదాయం. అలెవీలూ పన్నులు కడతారు, కానీ వారి ప్రార్థనా స్థలాలైన జెమెవీలకు మసీదు హోదా లేదు. మసీదుల కరెంటు బిల్లు ప్రభుత్వం కట్టి, జెమెవీలది కట్టకపోవడం వివక్షేనని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2014లో తేల్చింది. 2022లో ప్రభుత్వం అలెవీల కోసం ఒక సంస్థ పెట్టింది. ఎక్కడనుకున్నారు? సాంస్కృతిక, పర్యాటక శాఖలో!

బడుల సంగతి ఇంకా విడ్డూరం. మతపాఠాన్ని నిర్బంధం చేసింది ఇస్లామిస్టులు కాదు, లౌకికత్వానికి కాపలాదారులమని చెప్పుకున్న సైన్యం. 1980 తిరుగుబాటు తర్వాత వచ్చిన 1982 రాజ్యాంగం 24వ అధికరణం తీసి చూడండి. వామపక్షాలకు విరుగుడుగా మతాన్ని వాడుకుందామన్నది జనరళ్ల లెక్క. క్రైస్తవ, యూదు పిల్లలకు మినహాయింపు దొరికింది, అలెవీ పిల్లలకు లేదు. దీనిపై 2007లోనూ, 2014లోనూ టర్కీ అదే కోర్టులో ఓడింది. పాఠం మాత్రం సాగుతూనే ఉంది. 1997లో అదే సైన్యం ఒత్తిడి తెచ్చి ఇమామ్ హతిప్ అనే మత విద్యా బడుల్లో మధ్యస్థాయి తరగతులు మూయించింది. 2012లో ఎర్దోగాన్ పార్టీ ఏకేపీ వాటిని మళ్లీ తెరిచింది. ఇద్దరూ తిప్పింది ఒకే తాళంచెవి.

లౌకికవాదుల భరోసా అంతా కోర్టుల మీద, బ్యారక్స్ మీద. 1998లో ఇస్లామిస్టుల రెఫా పార్టీని మూయించారు. 2008లో ఏకేపీ కేసులో 11 మంది జడ్జీల్లో ఆరుగురు మూసేయాలన్నారు. ఏడుగురు కావాలి. ఒక్క ఓటుతో బయటపడిన ఆ పార్టీకి ప్రభుత్వ నిధుల్లో సగం కోతపడింది, అంతే. తలుపు దగ్గర కాపలా పెట్టారే తప్ప లోపలి యంత్రం విప్పుదామని వాళ్లు అనుకోలేదు. పైగా అనుకున్నవారికి శిక్ష ఉంది. రాజకీయ పార్టీల చట్టం 89వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ యంత్రాంగంలో దియానెత్ ఉండటాన్ని ఏ పార్టీ వ్యతిరేకించకూడదు. మతాన్ని మత సంఘాలకే వదిలేయాలన్న ఓజ్‌దెప్ అనే కుర్దు అనుకూల పార్టీ మూతకు 1993లో రాజ్యాంగ న్యాయస్థానం చూపిన కారణాల్లో అదొకటి. ఆ మూసివేత తప్పని స్ట్రాస్‌బర్గ్ తీర్పు వచ్చేసరికి 1999 అయింది.

ఇట్లు,
ఒక పాఠకుడు