కోడిపెట్ట ఊపిరి

ఒరే శీనూ,

ఎలా ఉన్నావురా? మీ అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? నిన్న కోడిపెట్ట సంగతి చెప్పడం మొదలుపెట్టేసరికి నీకు ఆఫీసు కాల్ అడ్డొచ్చింది. ఇది ఫోన్లో అయ్యే ముచ్చట కాదులే, అందుకే రాస్తున్నా.

రెండు వారాల క్రితం ఊరెళ్లాం కదా. మా చిన్నది మా అమ్మ పెంచే కోడిపెట్టని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. ముద్దొచ్చి గట్టిగా పట్టుకుందంతే. కాసేపటికి కోడి నోరు తెరిచి మెడ వాల్చేసింది. అమ్మ వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చి "వదిలెయ్యవే తల్లీ, దానికి ఊపిరాడట్లేదు!" అని లాక్కుంది. కింద పెడితే ఓ నిమిషం అలాగే కూర్చుని, ఒళ్లు దులుపుకుని వెళ్లిపోయింది. పిల్లకి మాత్రం ఏడుపు ఆగలేదు. "నేను మెడ నొక్కలేదు నాన్నా, ముక్కు కూడా ముయ్యలేదు. మరి ఊపిరెందుకు ఆడలేదు?" అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచి దొరికిందల్లా చదివాను.

మనకి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉదరవితానం ఉంటుంది, టెన్త్‌లో బొమ్మ వేశాం గుర్తుందా? ఆ కండరం కిందికి దిగితే ఊపిరితిత్తులు సాగి గాలి లోపలికొస్తుంది. కోడికి అది లేదురా. దాని ఊపిరితిత్తులు వీపు వైపు పక్కటెముకలకి అతుక్కుని ఉంటాయి, అవి దాదాపు సాగవు, ముడుచుకోవు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదులుతుంటే లోపలున్న తొమ్మిది గాలి సంచులు కొలిమి తిత్తుల్లా నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటాయి. రొమ్ము కదలకుండా పట్టేస్తే తిత్తి ఆగిపోయినట్టే. మా పిల్ల చేతులు పడింది సరిగ్గా అక్కడే.

లోపల గాలి తిరిగే తీరు కూడా వేరే. ముందు మన సంగతి చూడు. మామూలుగా ఒకసారి పీల్చేది అర లీటరు గాలి. అందులో 150 మిల్లీలీటర్ల దాకా గొట్టాల్లోనే ఉండిపోతుంది. మిగతాది వెళ్లి కలిసేది లోపల అప్పటికే ఉన్న రెండు లీటర్లకి పైగా పాత గాలిలో. బిందెలో నిన్నటి నీళ్లు పారబోయకుండా పైన ఓ చెంబుడు కొత్త నీళ్లు పోసినట్టు! అలాగని మన ఊపిరితిత్తుల్ని తక్కువ చెయ్యను. వాయుగోణులు, అంటే ఆవగింజ కంటే చిన్న గాలి తిత్తులు, 30 కోట్లకి పైనే ఉంటాయి. అన్నీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లు, చిన్న ఫ్లాటంత. గాలికీ రక్తానికీ మధ్య గోడ ఒక మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే పల్చన. ఆక్సిజన్ ఇటు, కార్బన్ డయాక్సైడ్ అటు, ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాటంతటవే జారుకుంటాయి.

పిట్టలో అలా కాదు, కాలవ పారినట్టు పారుతుంది. పీల్చినప్పుడు గాలిలో ఎక్కువ భాగం నేరుగా వెనక సంచుల్లోకి పోతుంది. వదిలినప్పుడు ఆ తాజా గాలి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మళ్లీ పీలిస్తే ముందు సంచుల్లోకి జరుగుతుంది. మళ్లీ వదిలితే అప్పుడు బయటికి. ఒక గుక్క గాలికి రెండు ఊపిర్లు! పీల్చినా వదిలినా ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల్లో గాలి ఒకే దిక్కుకి వెళ్తుంటుంది. ఆ దారిలో కవాటాలేమీ లేవు, గొట్టాల వంపులే గాలిని అటు తిప్పుతాయి. ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదురా.

ఆ సంచులు కొన్ని ఎముకల్లోకి కూడా పాకుతాయి. 18వ శతాబ్దంలో జాన్ హంటర్ అనే బ్రిటిష్ సర్జన్ ఒక కోడి గాలిగొట్టం కట్టేసి, రెక్క మొదటి ఎముక కోశాడు. ఆ ఎముక గుండానే గాలి ఆడింది. పాపం ఆ కోడి అనిపించింది గానీ, ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

చలికాలంలో మన దేశపు చెరువులకి వచ్చే బార్ హెడెడ్ గూస్ అనే బాతులు ఉన్నాయి, తల వెనక రెండు నల్ల చారలుంటాయి. హిమాలయాలు దాటేటప్పుడు వాటి ఎత్తు 7,290 మీటర్ల దాకా నమోదైంది. అక్కడ దొరికే ఆక్సిజన్ మన దగ్గర దొరికే దాంట్లో సగం కూడా ఉండదు. వాటి రక్తంలోని హిమోగ్లోబిన్‌కి కూడా ఆక్సిజన్‌ని పట్టుకునే బలం ఎక్కువ. 1978లో మెస్నర్, హాబెలర్ అనే పర్వతారోహకులు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎవరెస్ట్ ఎక్కేదాకా, అది మనిషి వల్ల అవుతుందా అన్నదే అనుమానం. ఈ బాతులు ఎవరెస్ట్ అంత కాకపోయినా, ఏడు వేల మీటర్ల ఎత్తులో రెక్కలు కొడుతూ పోతాయి.

అన్నట్టు, మేం వెళ్లినప్పటికి అమ్మ ఇంకో పెట్ట కింద గుడ్లు పొదగేసి వారమైంది. రాత్రి ఒక గుడ్డు కింద ఫోన్ టార్చ్ పెట్టి చూపించింది. ఎర్రటి దారాల్లా రక్తనాళాలు, మధ్యలో నల్లటి చుక్క. ఆ నాళాలు పెంకు లోపలి వైపంతా పరుచుకుంటాయి. పెంకుకి కంటికి ఆనని వేల రంధ్రాలుంటాయి. ఏ కండరం కదలకుండా, 21 రోజుల్లో ఒక్క గుడ్డు దాదాపు ఆరు లీటర్ల ఆక్సిజన్ లాక్కుంటుంది! చివర్లో మాత్రం పిల్ల ముక్కుతో లోపలి పొరని చీల్చి, గుడ్డు లావు కొన దగ్గరున్న గాలి గదిలోంచి మొదటి ఊపిరి తీసుకుంటుంది. పెంకు ఇంకా పగలదు.

మొన్న రాత్రికి 20వ రోజు. అమ్మ ఒక గుడ్డు తీసి ఫోన్ దగ్గర పెట్టింది. మా చిన్నది స్పీకర్‌కి చెవి ఆనించి, నా చొక్కా పట్టుకుని లాగింది. లోపల్నుంచి సన్నగా, ఆగి ఆగి, కిచ్... కిచ్...

ఇవాళ పొద్దున అమ్మ ఫోన్ చేసింది, తొమ్మిది పిల్లలు లేచాయిట. ఆదివారం మళ్లీ ఊరెళ్తున్నాం, నువ్వూ పిల్లాణ్ని తీసుకుని రా.

నీ
రవి