టెండరు కంటే ముందు రాణిబొమ్మ కూడలివారిని పిలవండి

సంపాదకులకు,

అయ్యా,

విశాఖ వన్‌టౌన్‌లో టౌన్‌హాలు, రాణిబొమ్మ (విక్టోరియా రాణి విగ్రహం), కురుపాం మార్కెట్టు పరిసరాలను వారసత్వ ప్రాంతంగా తీర్చిదిద్దాలన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం. మాట మంచిదే. అయితే ఇటువంటి పనులు అంచనా వ్యయంతో మొదలై రంగులు, దీపాలు, శిలాఫలకంతో ముగిసిపోతుండడం చూసి, ఆ వీధుల్లోనే పుట్టి పెరిగినవాడిగా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1933లో ఓడరేవు ప్రారంభమయ్యేనాటికి పట్నమంటే ప్రధానంగా ఈ వీధులే. తరువాత వ్యాపారం జగదాంబ వైపు, ద్వారకానగర్ వైపు జరిగిపోయినా ఇక్కడి రాకపోకలు ఆగలేదు. రాస్‌హిల్ మీది చర్చికి, పక్క కొండల మీది దర్గాకు, వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవారు నేటికీ ఈ దారులే తొక్కుతారు. బురుజుపేటలో పైకప్పు లేని గర్భాలయంలో కొలువైన కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి మార్గశిర గురువారాల్లో వచ్చే జనంతో సందులన్నీ నిండిపోతాయి. ఆ రోజుల్లో పూలు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు అమ్ముకునేవారు ఎక్కడ కూర్చోవాలి, చేపల గంపతో వచ్చే మనిషి ఏ నీడన ఆగాలి, వృద్ధులు చేరగిలబడే అరుగులు ఉంటాయా పోతాయా అన్నవి నక్షా గీసేవారికి కుర్చీలో కూర్చుంటే తెలిసే సంగతులు కావు.

మరమ్మతుల సంగతీ అంతే. ఇక్కడి పాత గోడలు చాలావరకు గానుగ సున్నంతో కట్టినవి. వాటి మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక, ఉప్పుగాలి కూడా తోడై, గోడ లోలోపలే గుల్లబారుతుంది. మా వీధిలో ఒక పాత అరుగుకు ఎవరో ఉత్సాహంగా సిమెంటు పూయించగా రెండు వానాకాలాలకే పెచ్చులూడింది. (పూయించినవారు మళ్లీ అటు రాలేదు, అది వేరే మాట.) సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా మిగిలి ఉండగానే వారి చేత కుర్రవాళ్లకు ఆ పని నేర్పించడం అవసరం.

హైదరాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన పాత మెట్లబావిని నగరపాలక సంస్థ, స్వచ్ఛంద కార్యకర్తలు, బస్తీవాసులు కలిసి బాగుచేసుకోగా 2022 డిసెంబరులో అది తిరిగి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలుండాలని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే చెప్పింది కాబట్టి, ఇక్కడ స్థానికులను అలా కలుపుకోవడానికి కొత్తగా చట్టమేదీ చేయనక్కరలేదు.

అందుచేత నగరపాలక సంస్థ అధికారులకు నా విన్నపం ఒక్కటే. టెండరు పిలవకముందే నివాసులు, చిరువ్యాపారులు, మత్స్యకారులు, ఆలయ, దర్గా, చర్చి పెద్దలతో టౌన్‌హాలు వద్దనే సభ పెట్టి, నక్షాను తెలుగులో గోడకు అంటించి, అభ్యంతరాలు రాసుకోవాలి. పని ముగిశాక ఊడ్పు, దీపాలు, మరమ్మతులకు ఏటా కొంత మొత్తం కేటాయించి, దాని ఖర్చు చూసే అధికారం అక్కడివారి కమిటీకే ఇవ్వాలి. ఆ సభ వచ్చే మార్గశిరానికి ముందే జరిగితే, గురువారాల రద్దీ లెక్క కూడా నక్షాలోకి ఎక్కుతుంది.

భవదీయుడు,
ఒక వన్‌టౌన్ నివాసి,
బురుజుపేట, విశాఖపట్నం