బడి కౌంటర్లో వీసా అడగరు, ఎందుకని?

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది తెనాలి. పదకొండేళ్ళుగా డాలస్ శివారులో ఉంటున్నాం. మీ పత్రిక ఇంటర్నెట్‌లో రోజూ చదువుతాను. హెచ్‌1బి మీద ఏ చిన్న కదలిక వచ్చినా మీరు వెంటనే వేస్తారు. లక్ష డాలర్ల ఫీజు వార్త వచ్చిన రోజు ఇక్కడ మనవాళ్ళ ఫోన్లలో తెలుగు పత్రికల పేజీలే తిరిగాయి. కానీ మా పిల్లల బడి ఏ తీర్పు మీద నిలబడి ఉందో, దాన్ని కదపాలని ఎవరు చూస్తున్నారో మీ పేజీల్లో నాకు ఒక్కసారీ కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా పెద్దవాణ్ణి ఎలిమెంటరీ స్కూల్లో చేర్చిన రోజు నాకింకా కళ్ళముందే ఉంది. పాస్‌పోర్టులు, ఐ-94లు (ఈ దేశంలో ఏ తేదీ దాకా ఉండొచ్చో చెప్పే కాగితాలు), మా వారి ఆఫీసు లెటరు, అన్నీ వరసగా ఫైల్లో పెట్టుకుని వెళ్ళాను. కౌంటర్లో ఉన్నావిడ పుట్టినతేదీ సర్టిఫికెట్టు చూసింది, టీకాల కార్డు చూసింది, అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు తీసుకుంది. నేను వీసా పేజీ తెరిచి ముందుకు జరిపితే, చూడకుండానే మూసి నా వైపు నెట్టింది. ‘ఇది మేం అడగం’ అంది. తర్వాత ఇంకో కాగితం ఇచ్చింది. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు అని ఉంది అందులో. తెలుగు అని రాశాను. కొద్ది రోజుల్లోనే వాడికి పరీక్ష పెట్టి, ఇంగ్లీషు నేర్పడానికి ప్రత్యేకంగా ఒక టీచరమ్మని కేటాయించారు.

ఈ దేశం మంచితనం అనుకున్నాను. ఆ రెండు కాగితాల వెనకా రెండు కోర్టు కేసులున్నాయని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

భాష సంగతి శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ పిల్లల తల్లిదండ్రులు తెచ్చిపెట్టింది. అర్థంకాని భాషలో పాఠం చెప్పి, పుస్తకాలు అందరికీ ఒకటే ఇచ్చాం కదా అంటే అది సమానత్వం కాదని 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. వీసా అడగకపోవడం మాత్రం మా టెక్సస్ కథే. మా ఇంటి నుంచి తూర్పుగా ఓ రెండు గంటల ప్రయాణంలో టైలర్ అనే ఊరుంది, గులాబీలకు పేరు. చట్టప్రకారం దేశంలోకి రాని పిల్లలకి రాష్ట్రం డబ్బు ఇవ్వదని, కావాలంటే బళ్ళు వాళ్ళని చేర్చుకోకుండా ఉండొచ్చని టెక్సస్ శాసనసభ 1975లో చట్టం చేసింది. 1977లో టైలర్ బడుల యాజమాన్యం అలాంటి పిల్లల దగ్గర తలకి ఏడాదికి 1,000 డాలర్లు అడిగింది. కూలిపని చేసుకునే మెక్సికన్ కుటుంబాలు అవి. నాలుగు కుటుంబాలు పేర్లు దాచుకుని ఫెడరల్ కోర్టుకి వెళ్ళాయి. వాళ్ళని ఎవరూ చూడకూడదని జడ్జి విలియం వేన్ జస్టిస్ పొద్దున్న ఆరింటికే విచారణ పెట్టారు. కోర్టులోనే పట్టుకుని దేశం దాటిస్తారేమోనని సామాను కారులో సర్దుకుని మరీ వచ్చిన కుటుంబం ఉంది. పిల్లల్ని బడికి పంపించడం కోసం ఉన్న ఇల్లు వదులుకోవడానికి సిద్ధపడి వచ్చారు వాళ్ళు. ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ప్లయ్లర్ వర్సెస్ డో అనే ఆ కేసులో 1982 జూన్ 15న సుప్రీంకోర్టు పిల్లల పక్షాన నిలిచింది. అమెరికా రాజ్యాంగం 14వ సవరణలోని సమాన రక్షణ ‘పౌరుడి’కి కాదు, ‘వ్యక్తి’కి, తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లల్ని శిక్షించకూడదు అన్నారు జస్టిస్ బ్రెనన్. అయితే ఆ తీర్పు 5–4. ఒక్క ఓటు అటు పడి ఉంటే నా ఫైల్లో ఉన్న కాగితాలన్నీ ఆ కౌంటర్లో పరచాల్సి వచ్చేది.

ఇక్కడే మన తెలుగువాళ్ళు గమనించని సంగతి ఒకటుంది. అమెరికా రాజ్యాంగంలో చదువు హక్కు లేదు. అదే టెక్సస్‌లో, శాన్ ఆంటోనియోలో, ఎడ్జ్‌వుడ్ అనే పేదల పేటలో 1967–68లో ఒక్కో పిల్లవాడి మీద 356 డాలర్లు ఖర్చుపెడితే, పక్కనే ఉన్న అలమో హైట్స్‌లో 594 పెట్టేవారు. ఇక్కడ బళ్ళు చాలావరకు ఆ ప్రాంతపు ఇంటిపన్ను మీదే నడుస్తాయి. నిజానికి ఆ పన్ను రేటు ఎడ్జ్‌వుడ్‌లోనే ఎక్కువ. ఇళ్ళ విలువే తక్కువ. ఆ తండ్రులు వేసిన రోడ్రిగెజ్ కేసులో, చదువు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని 1973లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అదీ 5–4 తోనే. ఇల్లు కొనేముందు బడి రేటింగు చూసుకుని, ఆ తర్వాతే వంటిల్లు చూసే మనవాళ్ళం ఆ తీర్పు నీడలోనే ఇళ్ళు కొంటున్నాం. నేనూ అలాగే కొన్నాను.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, నల్లపిల్లల్ని వేరే బళ్ళలో కూర్చోబెట్టడం చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పులోంచి చదువు గురించిన మాటలు ఉటంకిస్తూ, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కే అన్నారు. అమెరికా కోర్టు వెయ్యని అడుగు, అమెరికా తీర్పునే చదివి, మన తెలుగు జడ్జి వేశారు. 2002లో 21ఏ అధికరణంగా అది రాజ్యాంగంలోకే ఎక్కింది. ఆ దేశంలో పుట్టి పెరిగాం కాబట్టి చదువు హక్కంటే గాలీ నీళ్ళలాగా ఎక్కడైనా ఉంటుందనుకుంటున్నాం. ఇక్కడ అది తీర్పుల మీద ఉంది. తీర్పులు మారతాయి. జెండాకి వందనం చెయ్యని పిల్లల్ని బడి నుంచి పంపెయ్యొచ్చని 1940లో చెప్పిన ఇదే కోర్టు, మూడేళ్ళకే బార్నెట్ కేసులో కాదు, బలవంతం చెయ్యకూడదంది. (ఆ తీర్పునే 1986లో జస్టిస్ చిన్నపరెడ్డి గారు, జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన కేరళ పిల్లల కోసం తలుచుకున్నారు.) అప్పుడు మంచివైపు మారింది. ప్రతిసారీ అలాగే మారుతుందన్న భరోసా ఎవరిస్తారు?

2022 మే నెలలో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ ప్లయ్లర్ తీర్పును మళ్ళీ సవాలు చేస్తామన్నారు. 2025 ఏప్రిల్‌లో టెనెస్సీ సెనేట్, కాగితాలు లేని పిల్లల్ని బళ్ళు చేర్చుకోకపోవచ్చు, లేదా ఫీజు అడగొచ్చు అనే బిల్లు ఆమోదించింది. ఆ ఏడాది ప్రతినిధుల సభలో అది ఆగింది. బిల్లు ఆగింది గానీ ఆలోచన ఆగలేదు.

ఈ విషయం మా తెలుగు వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక అన్నయ్య, ‘మనం లైన్లో నిలబడి వచ్చాం, వాళ్ళ పిల్లలకి మన పన్నులెందుకు?’ అని రాశారు. చాలామంది బొటనవేలు పెట్టారు. ఆయన్ని తప్పుపట్టను, గ్రీన్‌కార్డు కోసం పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి. కానీ రెండు మాటలు అప్పుడే చెప్పాను, ఇప్పుడూ చెబుతాను. అద్దెకుండే ఏ కూలివాడైనా తన అద్దెలోనే ఆ ఇంటిపన్ను కడుతున్నాడు. పైగా కాగితాలు అడగడం మొదలైతే కొంతమందినే అడగరు. మా పిల్లల ఐ-94 మీదా ఒక తేదీ ఉంటుంది.

మా వీధిలో ఒంగోలు వాళ్ళ కుటుంబం ఉంది. అతని ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయాక వీసా మీద ఉండనిచ్చే 60 రోజుల గడువులో వేరేది దొరకలేదు. ఇక్కడే ఉండటానికి పెట్టిన దరఖాస్తు ఏమవుతుందో తెలియక నాలుగు నెలలు నలిగిపోయారు. వాళ్ళ పాప నాలుగో తరగతి. ఆ నాలుగు నెలలూ పొద్దున్నే పసుపు బస్సెక్కింది, సైన్స్ ఫెయిర్‌కి బేకింగ్ సోడాతో అగ్నిపర్వతం చేసుకుని మా ఇంటికి తెచ్చి చూపించింది. వాళ్ళమ్మ తర్వాత నాతో అంది: ‘అక్కా, కారు అమ్మాలా, ఇల్లు ఖాళీ చెయ్యాలా అని రాత్రుళ్ళు కూర్చుని లెక్కలేశాం. పిల్ల బడి మాత్రం మా లెక్కలోకే రాలేదు.’ అలా రాకుండా చూసింది టైలర్‌లో తెల్లారగట్ల కోర్టుకెళ్ళిన ఆ కూలి తల్లులూ తండ్రులూ.

కాబట్టి మీకు నా విన్నపం. ప్లయ్లర్ తీర్పు మీద, రోడ్రిగెజ్ తీర్పు మీద తెలిసిన న్యాయవాదులతో ఒక పూర్తి పేజీ రాయించండి. హెచ్‌1బి వార్తకి పెట్టినంత పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఇక్కడ పౌరసత్వం వచ్చిన మనవాళ్ళు ఊరి బళ్ళను నడిపే స్కూలు బోర్డు ఎన్నికల్లో ఓటు వెయ్యడానికి బద్ధకిస్తున్నారు. ఆ సంగతీ రాయండి, ఊళ్ళో అమ్మానాన్నలు చదివి ఫోన్లో అడుగుతారు. ఓటు లేని నాలాంటివాళ్ళు బోర్డు సమావేశంలో పేరిచ్చి, రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. వచ్చే సమావేశానికి నా పేరు ఇస్తున్నాను. చిన్నవాడు కూడా వస్తానంటున్నాడు.

ఇట్లు,
ఒక తల్లి,
డాలస్ శివారు, టెక్సస్